కాగితం మీదకు రాని గంటలు

“సార్ రమ్మంటున్నడు, ఒకసారి స్టేషన్ దాకా వచ్చి పో.” నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఈ కబురు తెలియని ఇల్లు తక్కువ. తెచ్చేది కానిస్టేబుల్ కావచ్చు, హోంగార్డు కావచ్చు, ఒక్కోసారి ఊరి పెద్దమనిషే కావచ్చు. ఆ కబురుకు చట్టంలో పేరు లేదు. అది అరెస్టు కాదు, నోటీసు కాదు, సాక్షిగా పిలవడమూ కాదు. పోయినవాళ్లు సాయంత్రానికి తిరిగి రావచ్చు, మూడు రోజులకు రావచ్చు. ఎప్పుడు లోపలికి పోయారు, ఎవరు మాట్లాడారు, ఎప్పుడు బయటికి వచ్చారు అన్నది చాలాసార్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

పోలీసుల జవాబుదారీతనం మీద చర్చ వచ్చిన ప్రతిసారీ అది శిక్షల చుట్టూ తిరుగుతుంది. ఎస్‌ఐని సస్పెండ్ చేశారా, కేసు పెట్టారా, ఎక్స్‌గ్రేషియా ఎంత ఇచ్చారు? ఇవి అవసరమైన ప్రశ్నలే. కానీ దక్షిణ తెలంగాణలో 2021 నుంచి జరిగిన ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే, దారి తప్పింది శిక్షల దగ్గర కాదని, అంతకంటే ముందే, రాసుకోని ఆ గంటల్లోనేనని తెలుస్తుంది.

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీసుల కస్టడీలో ఒక దళిత మహిళ చనిపోయింది. ఆమె వంటపని చేసే ఇంట్లో రెండు లక్షల రూపాయలు పోయాయన్న ఫిర్యాదుతో ఆమెను, కొడుకును పోలీసులు తీసుకొచ్చారు. అదే ఏడాది నవంబరులో సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) స్టేషన్‌కు దొంగతనం అనుమానంతో తీసుకెళ్లిన ఒక లంబాడా యువకుడు ఒళ్లంతా దెబ్బలతో తండాకు చేరాడు. తండా మొత్తం స్టేషన్ ముందు కూర్చుంది. 2024 జులైలో షాద్‌నగర్‌లో బంగారం పోయిందన్న ఫిర్యాదు మీద మరో దళిత మహిళను, ఆమె మైనర్ కొడుకును స్టేషన్‌కు తెచ్చి కొట్టారన్న ఆరోపణ వచ్చింది. విషయం పత్రికలకెక్కాక డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌ను, ఐదుగురు కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు.

మూడు ఊళ్లు, మూడు స్టేషన్లు, కథ మాత్రం ఒకటే. మూడూ దొంగతనం ఫిర్యాదులే. మూడింట్లోనూ అనుమానం దళితుల మీదో గిరిజనుల మీదో పడింది. రెండింట్లో తల్లితోపాటు కొడుకునూ తెచ్చారు. ఒకరిని కొడితే రెండోవాళ్లు నోరు విప్పుతారన్న లెక్క అందులో ఉందేమో అని అనుమానించక తప్పదు. హత్య కేసుల్లోనో, తీవ్రవాద కేసుల్లోనో మాత్రమే దెబ్బలు పడతాయనుకునేవాళ్లు ఈ వరసను ఒకసారి చూడాలి. ప్రాణం మీదకు తెచ్చినవి ఇంట్లో పోయిన డబ్బు, బంగారం.

దీని వెనక ఒక మాట ఉంది: రికవరీ. స్టేషన్‌లో రైటర్ నుంచి జిల్లా ఎస్పీ వార్షిక ప్రెస్‌మీట్ దాకా అందరి నోటా వినిపించే మాట అది. ఏడాదిలో ఎంత సొత్తు పోయింది, అందులో ఎంత శాతం రాబట్టారు అన్నది ప్రతి డిసెంబరులో ప్రకటిస్తారు. ఫిర్యాదు చేసినవాళ్లకూ కావలసింది అదే. దొంగకు మూడేళ్ల తర్వాత శిక్ష పడుతుందా లేదా అన్న పట్టింపు వాళ్లకు అంతగా ఉండదు, తమ బంగారం తమకు వస్తే చాలు. చట్టం కూడా తెలియకుండానే ఈ వైపే తోస్తుంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని పాత సాక్ష్యాధారాల చట్టంలోని 25వ సెక్షన్ చెప్పేది. కానీ నిందితుడు చెప్పిన చోట వస్తువు దొరికితే, అది దొరకడానికి దారి చూపిన మాట వరకు చెల్లుతుందని 27వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఈ రెండూ 23వ సెక్షన్‌లోకి చేరాయి. అంటే “నేనే తీశాను” అన్న మాటకు విలువ లేదు, “ఫలానా చోట దాచాను” అన్నది, అక్కడ వస్తువు దొరికితే, బంగారమంత విలువైనది. ఆ రెండో మాట రాబట్టడానికి కొందరికి తెలిసిన పద్ధతి లాఠీ ఒక్కటే.

వేలిముద్రలు, ఫోన్ లొకేషన్లు, కుదువ దుకాణాల లెక్కలు చూసి దొంగను పట్టుకోవచ్చు కదా అని అడగొచ్చు. పట్టుకోవచ్చు. కానీ మండల స్టేషన్‌లో ఎస్‌ఐకి ఉదయం ఏదో ఒక నాయకుడి పర్యటన బందోబస్తు, మధ్యాహ్నం భూతగాదా, సాయంత్రం డ్రంకెన్ డ్రైవ్, మధ్యలో కోర్టు వాయిదా. క్లూస్ టీం జిల్లా కేంద్రం నుంచి రావాలి. ఇంట్లో పనిమనిషి మీద అనుమానం ఉందని ఫిర్యాదుదారు చెప్పేస్తే దర్యాప్తు అక్కడితో మొదలై అక్కడే ముగుస్తుంది. ఇది సాకు కాదు, జరిగే తీరు.

చేతనైతే ఇదే ప్రాంతపు పోలీసులు ఎలా పనిచేయగలరో చూపడానికి మిర్యాలగూడ ఉంది. 2018 సెప్టెంబరులో ఆసుపత్రి ముందు పట్టపగలు జరిగిన పరువు హత్యలో సీసీ కెమెరా దృశ్యాలు, ఫోన్ రికార్డులు, సుపారీ డబ్బు చేతులు మారిన తీరు ఒక్కొక్కటిగా కూర్చి కేసు కట్టారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. ఒక్క తేడా గమనించాలి. అది రాష్ట్రమంతా కళ్లు పెట్టి చూసిన కేసు. ఎవరూ చూడని కేసుల్లో పద్ధతి మారుతుంది.

ఆ గంటల గురించి చట్టం ఏమీ చెప్పలేదా అంటే, చాలానే చెప్పింది. 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు పదకొండు షరతులు పెట్టింది. అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంటివాళ్లో ఊరివాళ్లో సాక్షి సంతకం చేయాలి, బంధువుకు కబురు చేయాలి, కస్టడీలో ప్రతి 48 గంటలకూ డాక్టరు పరీక్ష జరగాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోనే ఉంది. సాక్షిగా విచారించాలంటే మహిళను ఆమె నివాసంలోనే విచారించాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి, మహిళా అధికారి ఉండాలి. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలకు అరెస్టు కంటే ముందు నోటీసు ఇవ్వడమే పద్ధతి. పల్లెల్లో కూడా ఇప్పుడు “41ఏ నోటీసు” అంటే తెలుసు, కొత్తగా వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 35(3) అయినా పాత పేరే నడుస్తోంది.

ఈ రక్షణలు చాలావరకు ఒక్క క్షణం మీద ఆధారపడ్డాయి: “అరెస్టు చేశాం” అని పోలీసులు రాసుకున్న క్షణం. అది రాయకపోతే కాగితం మీద 24 గంటల గడియారం మొదలే కాదు. మెమో ఉండదు, డాక్టరు ఉండడు, బంధువుకు కబురూ ఉండదు. మేజిస్ట్రేటు ముందుకు వచ్చేసరికి “ఈ రోజు ఉదయం ఆరు గంటలకు బస్టాండ్ దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నాం” అని రిమాండ్ రిపోర్టులో ఉంటుంది. ముందురోజులు గాల్లో కలిసిపోతాయి. “పోలీసులు కొట్టారా?” అని మేజిస్ట్రేటు అడగాలి, అడుగుతారు కూడా. కొట్టినవాళ్లు పక్కనే నిలబడి ఉండగా, ఆ రాత్రి మళ్లీ వాళ్ల జీపులోనే జైలుకు పోవాల్సి ఉండగా, ఎంతమంది నోరు విప్పుతారు?

ఘటన బయటపడ్డాక జరిగేది అందరికీ తెలిసిన క్రమమే. మొదట హెడ్‌క్వార్టర్స్‌కు అటాచ్, గొడవ పెరిగితే సస్పెన్షన్, ఇంకా పెరిగితే కేసు. సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణ పూర్తయ్యేదాకా పక్కన కూర్చోబెట్టడం, సగం జీతం ఇస్తూనే. అడ్డగూడూరు ఘటనలో మాత్రం ఎస్‌ఐని, ఇద్దరు కానిస్టేబుళ్లను సర్వీసు నుంచే తొలగించారు. హైకోర్టు జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణకు, ఖననం చేసిన శరీరాన్ని వెలికితీసి రెండోసారి పోస్టుమార్టం చేయడానికి ఆదేశించింది. ఒక పౌరహక్కుల సంస్థ కోర్టుకు వెళ్లింది కాబట్టి అంతదూరం వచ్చింది. కుటుంబానికి ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. ఆ డబ్బు ఖజానాది, కొట్టిన చేతిది కాదు. పై అధికారులను ఎవరూ పెద్దగా అడగరు. స్టేషన్‌లో మూడు రోజులు మనుషులను ఉంచారంటే సీఐకి, డీఎస్పీకి తెలియకుండా ఉండదు. తెలియలేదంటే అది ఇంకో రకం వైఫల్యం.

కొంచెం వెనక్కి పోతే, ఈ ప్రాంతంలో పోలీసుకు, రికార్డుకు ఉన్న దూరం కొత్తది కాదని కనబడుతుంది. నిజాం కాలం నుంచి 1980ల దాకా ఊరికొక పోలీస్ పటేల్ ఉండేవాడు, పదవి వంశపారంపర్యం. ఊళ్లో భూమి ఎవరిదో పోలీసు పెత్తనమూ వాళ్లదే. పదవి పోయింది గానీ పెద్దమనిషి ఫోన్ చేస్తే స్టేషన్ కదలడం పోలేదు. ఆ తర్వాత నక్సల్ కాలం. 1993లో కొల్లాపూర్ దగ్గర సోమశిలలో మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడుతోపాటు పలువురు పోలీసులు మందుపాతరకు బలయ్యారు. 2001లో నల్లగొండలో పౌరహక్కుల నేత ఆజం అలీని, 2005లో పాలమూరులో కనకాచారిని చంపారు, రెండోది నల్లమల కోబ్రాలు అనే నక్సల్ వ్యతిరేక ముఠా పేరుతో జరిగింది. భువనగిరికి చెందిన మాజీ నక్సలైటు నయీం ఏళ్ల తరబడి పోలీసు ఇన్‌ఫార్మర్‌గా ఉంటూ భూముల సెటిల్‌మెంట్ల సామ్రాజ్యం కట్టుకున్నాడు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాక కొందరు పోలీసు అధికారులతో అతని సంబంధాలు బయటపడి, మరుసటి ఏడు సస్పెన్షన్లు జరిగాయి. ఇన్‌ఫార్మర్ వ్యవస్థ అంటేనే రాసుకోకుండా నడిచేది. దశాబ్దాలు అలా నడిచిన శాఖకు, మామూలు దొంగతనం కేసులో మాత్రం ప్రతి గంటా రాసుకోమంటే చేయి ఆడదు.

మరోవైపు, జనానికి పోలీసు మీద కోపం కొట్టినందుకే రాదు. పట్టించుకోనందుకూ వస్తుంది. బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో 2019 ఏప్రిల్‌లో ఒక విద్యార్థిని శవం పాడుబడ్డ బావిలో దొరికాక తవ్వితే మరో ఇద్దరు బాలికలవి బయటపడ్డాయి. అందులో ఒక పాప 2015 నుంచి కనిపించడం లేదు. నాలుగేళ్లు ఆ మిస్సింగ్ కేసు కదలలేదు. ఊరు భగ్గుమంది, నిందితుడి ఇంటికి నిప్పు పెట్టారు, ఎన్‌కౌంటర్ చేయమన్నారు. చేయలేదు. నల్లగొండ పోక్సో కోర్టు 2020 ఫిబ్రవరి 6న మరణశిక్ష వేసింది. నేరం బయటపడిన రోజు నుంచి తీర్పు దాకా తొమ్మిది నెలల పైచిలుకు.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై అఘాయిత్యం జరిగింది. ఆ రాత్రి కుటుంబాన్ని ఇది మా పరిధి కాదంటూ ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు తిప్పారు, ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. తొమ్మిది రోజులకు, డిసెంబరు 6 తెల్లవారకముందు, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నారాయణపేట జిల్లాకు చెందిన నలుగురు నిందితులనూ పోలీసులు కాల్చి చంపారు. వంతెన మీద నుంచి జనం పోలీసులపై పూలు చల్లారు. వారం కింద తిప్పి పంపిన పోలీసులే ఒక్క పూటలో దేవుళ్లయ్యారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది: చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసులపై హత్య కేసు విచారణ జరగాలని అందులో ఉంది. పూలు చల్లినవాళ్లను తిట్టి లాభం లేదు. కోర్టు మీద నమ్మకం లేనివాళ్లు తుపాకీని నమ్ముకున్నారు, అంతే. కానీ పక్క జిల్లా హాజీపూర్ కేసు అప్పటికే నల్లగొండ కోర్టులో నడుస్తోంది, రెండు నెలలకు తీర్పు కూడా వచ్చింది. ఆ సంగతి చటాన్‌పల్లి చర్చలో ఎక్కడా పెద్దగా వినపడలేదు. చటాన్‌పల్లి కూడా ఆ రాసుకోని గంటల కథే, కాకపోతే చివరికి దొరికింది పోయిన బంగారం కాదు, నాలుగు శవాలు.

భూమి గొడవల్లో ఈ దూరం బేడీల రూపంలో కనబడుతుంది. 2023 జూన్‌లో రీజినల్ రింగ్ రోడ్డును వ్యతిరేకించిన రైతులను భువనగిరి కోర్టుకు బేడీలతో తెచ్చారు. 2024 నవంబరు 11న కొడంగల్ నియోజకవర్గం లగచర్లలో భూసేకరణకు వచ్చిన కలెక్టరుపైన, అధికారులపైన దాడి జరిగింది. అది నేరమే, కేసు పెట్టడంలో తప్పు లేదు. ఆ రాత్రి తండాల్లో కరెంటు తీసి ఇళ్లలోకి చొరబడ్డారని లంబాడా మహిళలు చెప్పిన మాటలు వేరే సంగతి. ఆ కేసులో జైల్లో ఉన్న ఒక గిరిజన రైతుకు గుండెనొప్పి వస్తే బేడీలతోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్దధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ గొడవలో అరెస్టయిన రైతులను అలంపూర్ కోర్టుకు తెచ్చినప్పుడూ బేడీలే. మామూలుగా బేడీలు వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో చెప్పింది. నాగరిక సురక్షా సంహితలోని 43(3) సెక్షన్ ఉగ్రవాదం, హత్య, అత్యాచారం, డ్రగ్స్ లాంటి కేసులకు, పదేపదే నేరం చేసేవాళ్లకు, పారిపోయినవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. పొలం పోతోందని అడ్డం తిరిగిన రైతు ఆ జాబితాలో లేడు. ప్రతిసారీ ఫొటో బయటికి వస్తుంది, కింది స్థాయి సిబ్బందిపై వేటు పడుతుంది, మళ్లీ ఇంకో జిల్లాలో ఇంకో ఫొటో. ఫొటో లేకపోతే ఆ వేటు కూడా ఉండదు.

లగచర్ల మహిళలు గోడు చెప్పుకోవడానికి ఢిల్లీ దాకా పోయారు. దానికి కారణం రాజకీయం ఒక్కటే కాదు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు 2022 చివరి నుంచి 2025 ఏప్రిల్ దాకా ఛైర్మనే లేడు. 2024 నాటి షాద్‌నగర్ స్టేషన్ ఘటనా ఆ ఖాళీలోనే జరిగింది. పోలీసులపై ఫిర్యాదులకు ప్రత్యేకంగా ఒక అథారిటీ ఉండాలని, డీఎస్పీ స్థాయి వరకు జిల్లాలోనే రిటైర్డ్ జిల్లా జడ్జి వినాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. అది ఇక్కడ కాగితం నుంచి కదలడానికే ఏళ్లు పట్టింది. స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, దర్యాప్తును శాంతిభద్రతల నుంచి విడదీయాలని కూడా అదే తీర్పులో ఉంది. ఎమ్మెల్యే లెటర్ లేనిదే ఎస్‌ఐకి మంచి స్టేషన్ దొరకదన్నది ఈ జిల్లాల్లో బహిరంగ రహస్యం. లెటర్ మీద వచ్చిన అధికారి లెటర్ ఇచ్చినవాడి ఫోన్ ఎత్తుతాడు గానీ, తండా నుంచి వచ్చిన ముసలమ్మ ఫిర్యాదును ముందు రాసుకోడు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఫ్రెండ్లీ పోలీసింగ్ పేరుతో రిసెప్షన్ డెస్కులు, కొత్త వాహనాలు, పల్లె స్టేషన్లకు నెలకు 25 వేల నిర్వహణ ఖర్చు వచ్చాయి. ముందు గది బాగుపడింది. గొడవంతా వెనక గదితోనే.

వెనక గదికి కెమెరా పెట్టమని 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గేటు, లాకప్, వరండా, ఎస్‌ఐ గది, బాత్రూమ్ బయటి భాగం, అన్నీ కవర్ కావాలి. బొమ్మతోపాటు మాటలూ రికార్డు కావాలి. ఫుటేజీని 18 నెలలు, పరికరాలు లేకపోతే కనీసం ఏడాది, ఉంచాలి. కొట్టారన్న ఫిర్యాదు వస్తే మానవ హక్కుల కమిషన్ గానీ మానవ హక్కుల కోర్టు గానీ ఆ ఫుటేజీ తెప్పించుకోవచ్చు. రాసుకోని గంటలకు ఇప్పుడున్న ఏకైక రిజిస్టర్ ఇదే. అందుకే ఇలాంటి కేసు చేపట్టిన లాయర్లు పరిహారం కంటే ముందు ఫుటేజీ భద్రపరచమని లిఖితపూర్వకంగా అడగాలి, మొదటి వారంలోనే. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా అర్హులకు లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. కమిషన్‌కు పోవాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే పోవాలి, ఫుటేజీకి కనీస గడువూ ఏడాదే.

అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటుంది: ఆ రోజు కెమెరా పనిచేయలేదు, రిపేర్‌లో ఉంది. దానితో చాలామంది ఆగిపోతారు. ఆగనవసరం లేదు. కెమెరా చెడిపోతే వెంటనే జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీకి తెలియజేయాల్సిన బాధ్యతను అదే తీర్పు స్టేషన్ అధికారి మీద పెట్టింది. కాబట్టి తర్వాత అడగాల్సింది ఫుటేజీ కాదు, ఆ రోజు కమిటీకి రాసిన లెటర్ కాపీ, దాని మీద తేదీ.